తొక్కని బ్రేకు

కారు తెచ్చినవాడి మాట నేను సగమే నమ్ముతాను. నకరికల్లు దగ్గర రోడ్డు పక్కన ఇరవై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను, ఆ మాత్రం అనుమానం లేకపోతే బతకలేను.

ఫణీంద్ర మిట్టమధ్యాహ్నం వచ్చాడు. గురజాల కుర్రాడు. నరసరావుపేట ఆసుపత్రి నుంచి భార్య ఇంద్రజనీ, అయిదు రోజుల బిడ్డనీ ఇంటికి తీసుకెళ్లాలట. దారిలో ముందు ఎడమ చక్రం బోల్టు ఒకటి విరిగింది. కారు కొని వారమే అయిందన్నాడు. ఎవరి దగ్గర కొన్నావంటే మాట మార్చాడు. అక్కడే నాకు తేడా కొట్టింది.

చక్రం విప్పి, బ్రేకు డిస్క్‌ను నొక్కిపట్టే క్యాలిపర్ ఊడదీసి తీగతో వేలాడదీశాను. తుప్పుపట్టిన డిస్క్ నాలుగు సుత్తి దెబ్బలకు గాని రాలేదు. డిస్క్ లేనప్పుడు బ్రేకు తొక్కితే క్యాలిపర్‌లోని పిస్టన్ బయటికి తన్నుకొస్తుంది. అందుకే కారు తలుపులు వేసి, ఫణీంద్రను నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఎండకు రోడ్డు మీద నరపురుగు లేదు. కాగిన ఆయిలు వాసన, ఎక్కడో ఒక కాకి.

విరిగిన బోల్టును వెనక్కి కొడుతుంటే వేలాడే క్యాలిపర్ కిర్రుమంది. పిస్టన్ ముందుకొచ్చింది.

లోపలికి నొక్కాను. మళ్లీ వచ్చింది... నిదానంగా... ఎవరో తొక్కుతున్నట్టే.

లేచి అద్దంలోంచి చూశాను. సీటు ఖాళీ. బ్రేకు పెడల్ నేలకు అంటుకుని వణుకుతోంది.

నాకు భయమేసింది. దాచేదేముంది.

"ఎవరి బండిరా ఇది?"

ఫణీంద్ర గొంతు తగ్గించాడు. "మాచర్లలో చవగ్గా వచ్చిందన్నా. ఇంతకుముందు నడిపినామె యాక్సిడెంట్లో పోయిందంట, చివరిదాకా బ్రేకు తొక్కే ఉందంట. ఆ కాలు తీయడానికి చానాసేపు పట్టిందంట."

ఇందులో పసిబిడ్డను ఎక్కించొద్దు, ఆటో మాట్లాడతానని బతిమాలాను. కారులోనే తెస్తానని అత్తగారింట్లో మాటిచ్చాడట, వినలేదు. చేసేదిలేక కొత్త బోల్టు వేసి అన్నీ బిగించాను. బ్రేకు మూడుసార్లు చూశాను. బాగానే పట్టింది. అయినా మనసు ఒప్పుకోలేదు.

నాలుగింటికి రోడ్డు మీదే కాపు కాశాను. కారు వచ్చింది. వెనక సీట్లో ఇంద్రజ, ఒళ్లో బిడ్డ. ఫణీంద్ర నవ్వుతూ చెయ్యి ఊపాడు. దాటిపోయాక చూస్తే వెనక ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. బ్రేకు తొక్కితేనే వెలిగే లైట్లు... వేగం మాత్రం తగ్గలేదు.

ఫోన్ చేశాను.

"తమ్ముడూ, బ్రేకు మీంచి కాలు తియ్."

"నా కాలు దాని మీద లేదన్నా."

వెనకున్న ఇంద్రజకు వినపడకూడదని కాబోలు, గుసగుసగా అన్నాడు.

"తొక్కుదామంటే... పెడల్ పైకి రావట్లేదు."