పట్టపగలు చుక్కలు

"మేడం, నా టోపీ ఏమైనా మీ క్లాసులోకొచ్చిందా?"

టోపీ పోయిన మాట నిజమే. కానీ విజిల్ సార్ మూడో తరగతి తలుపు తట్టింది దానికోసం కాదు. సందులోంచి చూస్తే లోపల పాటల సార్ కుర్చీలో దర్జాగా కూర్చుని ఉన్నాడు. బొమ్మల టీచర్ అతని భుజాలు పట్టుకుని అటూ ఇటూ సర్దుతోంది. అది చూసి ఈ ఆటల మాస్టారికి కడుపు భగ్గుమంది.

ఆమె ఒక చెయ్యి వెనక్కి దాచుకుని తలుపుకి అడ్డంగా వచ్చింది.

"లోపలికి రాకండి. పిల్లలు బొమ్మేస్తున్నారు."

"మరి పాటల సార్?"

"ఆయన మా మోడల్. గంటసేపు కదలకుండా కూర్చుంటారు. మీ వల్ల అవుతుందా?"

ఎక్కడవుతుంది! కుదురుగా ఉండమంటే కాళ్ళకింద నిప్పులు పోసినట్టు గెంతే మనిషాయె.

"టీచర్, విజిల్ సార్ ముఖం చూడండి, క్యూబిజం!" అంది ముందు బెంచీ పిల్ల. "కళ్ళొక పక్కకి, మూతొక పక్కకి!"

క్లాసంతా గొల్లుమంది. తలుపు మూసుకుంది.

ఆ క్యూబిజం ఏమిటో విజిల్ సార్‌కీ తెలుసు. ఆమె వచ్చినప్పటినుంచీ అతని డ్రిల్ క్లాసులన్నీ గ్రౌండ్ మధ్యలో, సరిగ్గా ఆ క్లాసు కిటికీకి ఎదురుగా, ఆమె పాఠాలు వినబడేలా జరుగుతున్నాయి మరి. ఒకే గడ్డివామిని పొద్దున ఒక రంగులో, సాయంత్రం ఒక రంగులో వేసిన పెద్దమనిషి గురించి చెప్పిన రోజు, పిల్లలంతా బయటికొచ్చి చెత్తబుట్టని మూడు పూటలా గీశారు. మధ్యాహ్నం పూట ఆమెకి ఎండ తగలకుండా గొడుగు పట్టింది విజిల్ సారే. వాన పడితే ఆ గొడుగులోనే ఇద్దరూ గేటుదాకా నడిచేవాళ్ళు. గొడుగు చిన్నదైనందుకు అతను ఏనాడూ బాధపడలేదు.

అలాంటిది, రెండు వారాలుగా ఆ కిటికీ తెరవడం లేదు.

మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేశాడు. "రమ్మంటున్నారని చెప్పానే, ఆ పెద్ద స్కూల్లో చేరిపోతానక్కా. ఉంటానో వెళ్తానో సాయంత్రంలోగా తేల్చమంది మా హెడ్ మేడం."

"ఆ అమ్మాయికి నీ మనసులో మాట చెప్పావా?"

"చెప్పడానికేముంది? పాటల సార్ ఉన్నాడుగా. పట్టపగలే చుక్కలు చూపిస్తోంది నాకు."

"ఆమె చెప్పిందా, అతను చెప్పాడా? నీ అంతట నువ్వే కథ అల్లుకుని నువ్వే ఏడవడం! చిన్నప్పుడూ ఇంతే. అడిగి చావరా!"

సాయంత్రం బెల్లు కొట్టేసరికి పిల్లలు పెద్ద కాగితమొకటి మోసుకొచ్చి వరండా గోడకి అంటించారు. విజిల్ సార్ విసవిసా వెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. అన్నీ వేలిముద్రలే. నీలం చుక్కలు, పసుపు చుక్కలు, ఎర్ర చుక్కలు.

"రెండు వారాలు తలుపులేసుకుని వేసింది ఇదా? ఇందులో పాటల సార్ ముక్కెక్కడ?"

"దీన్ని పాయింటిలిజం అంటారు సార్. దగ్గరికొస్తే చుక్కలే కనిపిస్తాయి. వెళ్ళి గ్రౌండ్ మధ్యలో మీ చోట్లో నిలబడి చూడండి," అంది బొమ్మల టీచర్ నవ్వుతూ.

"చూడను. నేను వేరే స్కూలుకి వెళ్ళిపోతున్నా."

ఆమె ముఖంలో నవ్వు ఎగిరిపోయింది.

"సరే, వెళ్ళండి," అంది. "ముందు గ్రౌండ్ మధ్యదాకా వెళ్ళండి. ఆ తర్వాత మీ ఇష్టం."

మూతి ముడుచుకునే నడిచాడు. ముందు బెంచీ పిల్ల వెంట పరిగెత్తింది. రోజూ నిలబడే చోటికొచ్చి వెనక్కి తిరిగాడు.

చుక్కలన్నీ కలిసిపోయాయి. నీలమూ పసుపూ కలిసి పచ్చటి గ్రౌండ్ అయింది. దాని మధ్యలో ఒక మనిషి. నెత్తిన ఎర్రటోపీ, నోట్లో విజిల్, బూరెల్లా పొంగిన బుగ్గలు. అచ్చం తనే!

"నీ టోపీ పెట్టుకుని కూర్చుని కూర్చుని నా మెడ పట్టేసిందయ్యా!" వరండాలోంచి అరిచాడు పాటల సార్. "నువ్వు కాస్త కుదురుగా ఉండే మనిషివైతే నాకీ శిక్షేంటి?"

"ఒళ్ళంతా మేమే వేశాం సార్," అంది పిల్ల. "ముఖం మాత్రం టీచరే వేశారు. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. దానికి మోడల్ అక్కర్లేదు, చూడకుండానే వచ్చేస్తుందన్నారు."

విజిల్ సార్‌కి పొద్దున్నుంచీ తను పడ్డ మంట తలుచుకుంటే సిగ్గేసింది. ఇక ఆగలేకపోయాడు.

"మేడం!" గ్రౌండ్ దద్దరిల్లేలా అరిచాడు. "నేనెక్కడికీ వెళ్ళను! మీరంటే నాకిష్టం!"

"వినబడలేదు!" అందామె, అతని టోపీ నెత్తిన పెట్టుకుంటూ.

"ఇష్టమంట టీచర్!" అని పిల్లలంతా ఒక్కసారే అందించారు. ఆఫీసు గదిలోంచి హెడ్ మేడం తల బయటికొచ్చింది.

బొమ్మల టీచర్ ముఖం టోపీకన్నా ఎర్రబడింది.

"బొమ్మైతే దూరంనుంచి చూడాలి," అంది. "ఈ మాట అంత దూరంనుంచి చెబుతారా ఎవరైనా? దగ్గరికి రండి!"

అతను పరిగెత్తాడు.