పదోవాడు

“మీకు ఉద్యోగం ఇవ్వలేం” అంది ఆమె, అతను కుర్చీలో కూర్చోకముందే.

అతని చొక్కా నుంచి వాన నీళ్లు కారుతున్నాయి. కారినవన్నీ టేబుల్ మీద పరిచిన సోఫా గుడ్డల శాంపిళ్ల మీదే పడుతున్నాయి.

“నాకేం పని వచ్చో కూడా అడగలేదు మీరు.”

“ఏం పని వచ్చినా అంతే. ముందు కాస్త దూరం జరగండి.” శాంపిళ్లను దగ్గరికి లాక్కుని తుడవసాగింది. “మా వర్క్‌షాప్‌లో తొమ్మిది మంది ఉన్నారు. కొత్త చట్టం ప్రకారం పది మంది ఉన్నచోట అందరికీ ఓనరే హెల్త్ ఇన్సూరెన్స్ చేయించాలి. మీరొస్తే పదోవారవుతారు.”

“నేను అడుగుపెడితే చట్టం కూడా వెంట వస్తుందన్నమాట. ఇంత గొప్పవాణ్ణని నాకే తెలీదు.”

నవ్వు కనబడకుండా ఆమె తల మరింత వంచి తుడిచింది.

లోపలి గదిలోంచి ఆమె తండ్రి వచ్చాడు. వర్క్‌షాప్ ఆయనదే. బయట చేయించిన ఫ్రేములు కిర్రుమంటున్నాయని ఒక హోటల్ నుంచి సోఫాలన్నీ తిరిగి వచ్చి పది రోజులైంది. కుర్రాడు కార్పెంటరని తెలియగానే ఓ సోఫా చూపించి “దీని నోరు మూయించు చూద్దాం” అన్నాడు.

గంట తర్వాత ఆయన కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. సోఫా నోరెత్తలేదు.

“రెండు నెలలు చెయ్యి. రిజిస్టర్‌లో మాత్రం పేరు రాయను” అన్నాడు.

అతను తల ఊపాడు. కూతురికి మాత్రం ఆ మాట నచ్చలేదు.

ఆ రోజు నుంచి అందరికీ అతను ‘పదో నంబర్’ అయిపోయాడు. డిజైన్లు గీసేది ఆమే కాబట్టి రోజుకు నాలుగుసార్లు కాగితం పట్టుకుని వచ్చేవాడు.

“ఇది సోఫానా, పడవా?”

“చదవడం రాకపోతే అడగండి, చెబుతా.”

“అందుకే కదా వచ్చింది.”

నాలుగోసారి కాస్త ఆలస్యమైతే ఆమె కళ్లు గుమ్మం వైపు వెళ్లేవి.

ఒక మధ్యాహ్నం కటింగ్ మాస్టర్ కోసిన గుడ్డ జానెడు వంకర పోయింది. మాస్టర్ ఆమె పుట్టక ముందు నుంచీ అక్కడే ఉన్నాడు. ఒకే ఒక్క కుట్టు మిషన్‌తో ఆయనా తండ్రీ కలిసి మొదలుపెట్టిన షాపు అది.

“రెండు కళ్లకీ శుక్లాలమ్మా. నాన్నకి చెప్పకు” అన్నాడాయన మెల్లగా.

ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసుకి ఫోన్ చేసింది. చట్టం కిందికి వచ్చే చిన్న షాపులకి మొదటి రెండేళ్లు ప్రీమియంలో సగం ప్రభుత్వమే భరిస్తుందట. పాత జబ్బులకీ మొదటి రోజు నుంచే వైద్యం ఉంటుందట. తొమ్మిది మందికైతే ఇదేమీ రాదు.

“పదో పేరు రాసేద్దాం నాన్నా” అంది.

తండ్రి టీ ఊదుకుంటూ నవ్వాడు. “దానికంటే వాణ్ణి నువ్వు పెళ్లి చేసుకో. ఇంటి మనిషి లెక్కలోకి రాడు. తొమ్మిదిలోనే ఉంటాం. నాకేం కనబడ్డం లేదనుకుంటున్నావా?”

ఆమె మొహం కందిపోయింది. సరిగ్గా ఆ సాయంత్రమే పదో నంబర్ ధైర్యం చేశాడు.

“మీకు ఇష్టమైతే, మనం పెళ్లి...”

“మా నాన్న పంపించారా?”

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు అతనే వచ్చి సూటిగా అడిగాడు, తను చేసిన తప్పేంటని. తండ్రి అన్న మాటా, మాస్టర్ కళ్ల సంగతీ ఆమె చెప్పింది.

“నాకా సంగతి తెలీదండీ. ముందు నా పేరు రాయించండి. పెళ్లి మాట తర్వాత అడుగుతా. మీరు కాదన్నా నా పేరు అక్కడే ఉంటుంది, మాస్టర్‌కి కళ్లూ వస్తాయి.”

ఆమె వంకర పోయిన గుడ్డ తీసుకెళ్లి తండ్రి ముందు పరిచింది.

ఆయన దాన్ని చూశాడు. లేచి కటింగ్ బల్ల దగ్గరికి వెళ్లాడు. మాస్టర్ సుద్ద గీతని ముక్కుకి ఆనేంత దగ్గరగా వంగి వెతుక్కుంటున్నాడు.

“ఎన్నాళ్లయిందిరా?”

“ఏడాది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే కత్తెర లాక్కుంటావని.”

తండ్రి వెనక్కి వచ్చి రిజిస్టర్ తెరిచాడు. పదో పేరు తనే రాశాడు. రాశాక కూతురి వైపు చూసి “రేపు వీడు అల్లుడైతే మళ్లీ తొమ్మిదవుతాం కదే” అన్నాడు.

“ఇంకొకరిని తీసుకుందాం. ఆర్డర్లు బోలెడున్నాయి.”

నెల తిరగకుండానే మాస్టర్‌కి ఒక కంటి ఆపరేషన్ అయింది. మర్నాడు నర్సు కట్టు విప్పుతుంటే ముగ్గురూ మంచం పక్కన నిలబడ్డారు.

మాస్టర్ కన్ను చికిలించి ముందు స్నేహితుణ్ణి చూశాడు. “నువ్వింత ముసలాడివెప్పుడయ్యావు?”

తర్వాత పదో నంబర్ని చాలాసేపు చూశాడు. “ఇన్నాళ్లూ గొంతే విన్నా. ఇలా ఉంటాడా వీడు?”

“ఎలా ఉన్నాడు మాస్టారూ?” అంది ఆమె.

“నన్నడుగుతావేంటమ్మా? నీ కళ్లు బాగానే ఉన్నాయిగా.”

ఆమె అతని వైపు తిరిగి, ఈసారి తల వంచకుండా చూసింది. “నాకు నచ్చాడు” అంది.

“నేనింకా అడగనేలేదు” అన్నాడతను. చెవులు ఎర్రబడ్డాయి.

“అడగండి మరి. నాన్న కూడా వింటారు.”

“నేనేం వినడం లేదు. మందులు తేవడానికి వెళ్తున్నా” అంటూ ఆమె తండ్రి తలుపు దాకా నడిచి, అక్కడే నిలబడిపోయాడు.