పేరు తెలియని నేస్తం

ఏజెంట్ ఉమామహేశ్ శవం వాట్‌గంజ్ రేవులో తేలిన మర్నాడే ధాత్రికి పిలుపొచ్చింది.

“కూర్చోకు, టైం లేదు,” అంటూ చీఫ్ కోదండం బల్ల మీద ఒక ఫొటో ముందుకు తోశాడు. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, ఎవర్నీ లెక్కచేయని నవ్వు. “పేరు వసుధ. మలేషియా పాస్‌పోర్టు. ఒంటరిగా టూరుకొచ్చింది. విదేశీ ముఠాకి సరుకు చేరవేసే కొరియర్ అని అనుమానం. వాళ్ల టార్గెట్ నది దిగువనున్న బడ్జ్ బడ్జ్ ఆయిల్ డిపో.”

“అరెస్టు చేస్తే పోదా సార్?”

“నాయకుడు జారిపోతాడు. వాడెవడో మనకింకా తెలీదు. పరాయి దేశంలో ఒంటరిగా తిరిగే మనిషికి తోడు కావాలనిపిస్తుంది. ఆ తోడు నువ్వే.”

ధాత్రి చెవిరింగులో అటూ ఇటూ మాటలు వినిపించే ట్రాన్స్‌మిటర్ అమర్చారు. లిప్‌స్టిక్ గొట్టంలో మత్తుసూది పెట్టారు. మారుపేరు సాయిసుధ. ఊరు చూడ్డానికొచ్చిన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

నది ఒడ్డున బాబూఘాట్‌లో వసుధకి వినపడేలా ధాత్రి ఫోన్‌లో తెలుగు మాట్లాడింది. అంతే చాలింది.

“మీరు తెలుగోలా?” వసుధ పరుగున వచ్చింది. “పాణం లేచొచ్చింది! మా ముత్తాతలది శ్రీకాకుళం. ఇల్లు దాటితే ఈ మాట నాకెక్కడా ఇనపడదు.”

ఇక ఇద్దరూ కలిసే తిరిగారు. ట్రాములెక్కారు, మట్టిముంతల్లో చాయ్ తాగారు, వానొస్తే ఒక్క గొడుగు కిందే నడిచారు. వాళ్లు నవ్విన ప్రతి నవ్వూ చెవిరింగులోంచి కోదండానికి చేరుతూనే ఉంది. వాళ్లమ్మకి ఒంట్లో బాగోలేదని చెప్పి వసుధ కళ్లు తుడుచుకుంటే ధాత్రి భుజం మీద చెయ్యేసింది. ఆ చేతిలో డ్యూటీ ఎంతో, నిజమెంతో ఆమెకే తెలియలేదు. హోటల్‌కి చేరాక ధాత్రికి కాలు నిలవలేదు. టీవీ పెట్టింది, కట్టేసింది. కిటికీ తీసింది, మూసింది.

“రేపు లాంచీలో బడ్జ్ బడ్జ్ దాకా పోదామా? గైడ్ అభిజిత్ తీసుకెల్తాడు. ఒక్కదాన్నే ఎల్లాలంటే బెంగగా ఉంది,” అని ఫోన్ చేసింది వసుధ.

“వస్తాను,” అంది ధాత్రి.

మర్నాడు ఎండ నది మీద మెరుస్తోంది. అభిజిత్ మర్యాదగా నవ్వాడు గానీ, ధాత్రిని చూడగానే అతని మొహం కాస్త బిగిసింది. వసుధ ఒళ్లో కెమెరా బ్యాగు ఉంది. దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

డిపో ట్యాంకులు దగ్గరపడ్డాయి. లాంచీ జెట్టీ పక్కకి జరిగింది. ఎదురుగా పైప్‌లైన్ స్తంభాలు. అభిజిత్ తలూపాడు. వసుధ బ్యాగు పట్టుకుని లేచింది.

“ధాత్రీ!” చెవిలో కోదండం కేక. “సూది దించు. ఆమెకే. ఇప్పుడే!”

ధాత్రి లిప్‌స్టిక్ మూత తీసింది. వసుధ చూసింది. కదల్లేదు.

“నీ అసలు పేరేటో నాకు తెలీదు,” అంది తెలుగులో, గబగబా. “ముఠాలో ఉంటూ ఉమామహేశ్‌కి కబుర్లిచ్చింది నేనే. ఆడు పోయాక ఎవర్ని నమ్మాలో తెలీలేదు. బాంబు ఈ బ్యాగులో ఉంది. ముఠా నాయకుడు అభిజితే, పేల్చే ఫోను ఆడి దగ్గరుంది. నమ్ము!”

“ఆర్డర్ అది!” చెవిలో మళ్లీ కేక.

ధాత్రి గిరుక్కున తిరిగి అభిజిత్ మెడలో సూది దించింది. అతని చెయ్యి అప్పటికే జేబులోంచి ఫోన్ లాగింది. వసుధ బలమంతా కూడదీసుకుని బ్యాగును నది మధ్యకి విసిరేసింది. పడిపోతూనే అభిజిత్ బొటనవేలితో ఫోను మీట నొక్కేశాడు.

నీటి అడుగున ఢమ్మంది. తాటిచెట్టంత ఎత్తున నీళ్లు లేచి ఇద్దర్నీ తడిపేశాయి. లాంచీ ఊగి ఊగి నిలబడింది. ట్యాంకులు ఎండలో అలాగే ఉన్నాయి.

వసుధ ధాత్రి రెండు చేతులూ పట్టుకుంది.

“నేను ఏజెంట్నని ఎలా తెలిసింది?”

“ఊరంతా తిరిగేవు. ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. టూరిస్టులు అలాగుంటారేటి?”

ధాత్రికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. “నా పేరు ధాత్రి,” అంది. “వారం రోజులు సెలవు పెడతాను. ఈసారి నిజంగా ఊరు చూద్దాం.”

చెవిరింగు గొంతు సవరించుకుంది.

“ముందు ఆ సెలవు నేనివ్వాలి కదమ్మా!”