ముచ్చికలో రెండు రేకులు

విత్తనాల షెడ్డులో ముసలి దా బిహీని తుపాకీతో కాల్చినప్పుడు ఆయన చేతిలో చిన్న కత్తెర ఉంది. ప్రాణం పోయినా వేళ్లు దాన్ని వదల్లేదు. ఆ వెంటనే షెడ్డుకు నిప్పు పెట్టారు. పన్నెండేళ్లు దేనితోనూ కలవనీయకుండా ముసలాయన కాపాడిన టమాటా తండ్రి లైను, అంటే హైబ్రిడ్ గింజకు పుప్పొడి ఇచ్చే రకం, నంబర్ నలభై ఒకటి, కాలిపోయిందనుకున్నారు అందరూ.

మర్నాడు ఉదయం అగాదీర్ రేవులో ఏజెంట్ యూబా ఫోన్ మోగింది.

"టీలో పుదీనా ఎక్కువైందా?" చీఫ్ గొంతు. అది వాళ్ల సంకేతం.

"చక్కెరే తక్కువైంది సార్."

"విను. నలభై ఒకటి బతికే ఉంది. తగలబెట్టే ముందే పండ్లు కోసేశారు. మార్కెట్ టమాటాల్లో కలిపి ఓడెక్కిస్తున్నారు. పది గంటలకు బయల్దేరుతుంది."

"ఆయన్ని కాల్చిన విదేశీ ముఠాయేనా?"

"వాళ్లే. అయినా మన పొలాల్లో హైబ్రిడ్ పండ్లు బోలెడున్నాయిగా? ఆ గింజలే దాచుకుంటే పోలా?"

"అబ్బే, అవి వేస్తే ఒక్కో మొక్క ఒక్కో రకంగా పోతుంది సార్. ఏటా తల్లినీ తండ్రినీ కలపాల్సిందే. తల్లి లైను మన దగ్గరుంది. తండ్రి పోతే గింజల కోసం మన సూస్ లోయ మొత్తం ఆ ముఠా కాళ్లు పట్టుకోవాలి."

యూబాకు తెలియకేం? పదేళ్లు ఆ షెడ్డులో పనిచేసినవాడేగా!

హెల్త్ ఇన్‌స్పెక్టర్ తెల్లకోటు తొడుక్కుని, ఆ వేషంలో యూబా కంటైనర్ ఎక్కాడు. రెండు వందల పెట్టెలు. అన్నింటిలోనూ ఒకేలాంటి చిన్న ఎర్రటి పండ్లు. టమాటా ఆకు వాసన గుప్పుమంది. దా బిహీ వెనకే నిలబడి చూస్తున్నట్టనిపించింది. యూబాకు వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు.

"ఏం యూబా, టమాటాలకు జ్వరం చూస్తున్నావా?"

నల్లకళ్లద్దాలు, సెంటు వాసన. ఇజ్జా! ఆమె కూడా దా బిహీ చేతికింద పెరిగిందే, మొన్నటిదాకా ఆ షెడ్డులోనే పనిచేసింది. డిపార్ట్‌మెంటుకు కబుర్లు మోస్తూ ముఠా జీతం కూడా తింటున్న మనిషి. చేతిలో పిస్తోలు.

"దిగు. ఇంకో నిమిషంలో తలుపు మూస్తారు."

యూబా దిగలేదు. పండ్ల ముచ్చికల మీద వేళ్లు పోనిస్తూనే ఉన్నాడు. చివరి వరసలో ఒక పెట్టె దగ్గర చెయ్యి ఆగిపోయింది. ప్రతి ముచ్చికలోనూ రెండు రేకులు కత్తిరించి ఉన్నాయి.

చేత్తో పుప్పొడి అద్దిన పువ్వుకు గుర్తుగా, పండుకు ముచ్చికగా మిగిలే ఆకుపచ్చ రేకుల్లో రెండు కత్తిరించడం దా బిహీ షెడ్డులో పద్ధతి. మార్కెట్ పంటకు ఆ పని ఎవరూ చెయ్యరు.

"వీటికి పుప్పొడి అద్దింది నువ్వే కదూ?"

ఇజ్జా పెట్టెలోకి వంగి చూసింది.

"తేనెటీగ వాలకుండా సంచి కట్టి నేనే దాని పుప్పొడి దానికే అద్దాను. కానీ కత్తిరించినట్టు గుర్తే లేదు యూబా... చేతులు వాటంతటవే చేసేశాయి." పిస్తోలు జారి కిందపడింది. "ఆయన్ని చంపుతామని నాకు చెప్పలేదు. ఒట్టు!"

ఓడ కూత పెట్టింది. యూబా ఒక చేత్తో ఆమెనూ, ఇంకో చేత్తో పెట్టెనూ పట్టుకుని కిందికి దిగాడు.

"శభాష్! ఎలా పట్టావయ్యా?" ఫోన్లో చీఫ్.

"నేను కాదు సార్. దా బిహీ పట్టుకున్నాడు."

"చచ్చిపోయాడు కదయ్యా!"

"అవును సార్. కత్తెర మాత్రం ఇంకా వదల్లేదు."