కడుపు మీది పట్టీ

అప్పట్లో నేను నందిగామలో సైన్సు మాస్టర్ని. 1958లో, పత్తి తీతల రోజుల్లో, పట్నం నుంచి ఒక ప్రొఫెసరు గారు ఉత్తరం రాశారు. ఒక జాతి సాలీడు కావాలట. గూడు అల్లదు, నేలలో బొరియ చేసుకుని వేటాడుతుంది. అచ్చం దానిలాంటిదే ఇంకో జాతి ఉంది. సరైనది పంపితే తన దగ్గర ఉద్యోగం ఇస్తానన్నారు.

వాటిని పట్టేది ఆదెమ్మ. చందర్లపాడు దారిలో చేలల్లో కూలి. కూతురు దేవమణిని హాస్టల్లో చేర్చడానికి ఆమెకు నా సిఫార్సు ఉత్తరం కావాలి. సరైన సాలీడు తెస్తేనే రాస్తానన్నాను. సిగ్గులేని మాట, నాదే.

ఒక సాయంత్రం సీసాలో ఒకటి తెచ్చింది. వీపు మీద చార తెగి ఉంది.

"ఇది కాదు. చార తెగకూడదు."

"వీపు నమ్మొద్దు మాస్టారూ, ఈడు మీద మారిపోద్దండి. తిప్పి కడుపు చూడండి. నల్లపట్టీ ఉంటే మీ రకమే."

"పుస్తకం చదివింది నువ్వా, నేనా?"

ఆమె మసక చీకట్లోనే మళ్ళీ చేలోకి వెళ్ళి బొరియలో చెయ్యి పెట్టింది. లోపల నాగుపాము ఉంది.

ఆమెను సమాధుల దొడ్లో పాతిపెట్టిన మూడోనాడు, దీపాలు పెట్టే వేళ, బల్ల ముందు కూర్చున్నాను. ఆమె తెచ్చిన సాలీడు సీసాలోంచి స్పిరిటు వాసన. బయట గాలి లేదు. గదిలో మాత్రం ఎండిన పత్తి ఆకులు నేల మీద ఈడ్చినట్టు చప్పుడు... ఆగింది. మళ్ళీ మొదలైంది. దగ్గరగా...

నా కుర్చీ వెనక ఆగింది.

"తిప్పండి మాస్టారూ..."

వెనక్కి చూడలేకపోయాను. పటకారుతో సాలీడును వెల్లకిలా తిప్పాను.

నల్లపట్టీ!

అదే పంపాను. ఉద్యోగం వచ్చింది. సిఫార్సు ఉత్తరం మాత్రం రాయలేదు. రాస్తే తల్లి ఎలా పోయిందని ఎవరైనా అడుగుతారని భయం. దేవమణి ఆ చేలల్లోనే కూలికి కుదిరింది.

పట్నంలో ఒంటరిగా ఉంటున్నా. గుండీలన్నీ పెట్టుకుని బోర్లా పడుకుంటా. తెల్లవారేసరికి వెల్లకిలా ఉంటా. ఎవరో తిప్పినట్టు... చొక్కా విప్పి, రెండు వైపులా సర్ది ఉంటుంది. తలుపు గడియ లోపల వేసింది వేసినట్టే ఉంటుంది.