డ్రోవర్స్ పబ్బు నిప్పు

మా గ్లెన్‌వోరన్‌లో డ్రోవర్స్ పబ్బు పొయ్యి ఆర్పమని అడిగిన మొదటి మగాణ్ణి నేనే. అడిగింది కూడా ఎవరినో కాదు, మైరీని.

"ఏమన్నావ్?" అంది, గ్లాసు తుడవడం ఆపి.

"ఒక్క రోజు ఆర్పితే చాలు."

"రెండొందల ఏళ్ళుగా ఆరని నిప్పు, ఫిన్లే! మా ముత్తవ్వలు చంటిపిల్లల్ని చంకనేసుకుని కాపాడిన నిప్పు. నీ చరిత్ర సంఘానికి ఇంకేం పనిలేదా?"

బార్ దగ్గర ముసలాళ్ళంతా మా వైపు తిరిగారు. బయట వాన కిటికీలు బాదుతోంది. కోపమొస్తే మైరీ మరీ అందంగా ఉంటుంది. అదొక బాధ నాకు.

విషయం చెప్పాను. పబ్బు నడిపేది మైరీ వాళ్ళే గానీ భవనం వాళ్ళది కాదు. కొత్తగా కొన్న కంపెనీ దీన్ని పడగొట్టి హోటల్ కడుతుందట. చాలా పాతదని రుజువైతే కౌన్సిల్ పడగొట్టనివ్వదు. పొయ్యి వెనక గోడలో, కట్టిన ఏడాది చెక్కిన రాయి ఉందని ఊరంతా చెప్పుకుంటారు. నిప్పు ఆరితే కదా ఎవరైనా చూసేది! కౌన్సిల్ ఆఫీసరు రేపే వస్తాడు.

"రాయి లేకపోతే?"

"పబ్బూ పోతుంది, నిప్పూ పోతుంది. నీ చేతిలో నేనూ పోతాను."

నవ్వు ఆపుకుంది. "ఆర్పను. కావాలంటే చోటు మారుస్తాను. దగ్గర్లో పొగగొట్టం బాగున్న ఇల్లెవరిది?"

"నాదే," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఇనప బకెట్టులో పీట్ నిప్పులు, అంటే మా బురదనేలల్లో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డల నిప్పులు, పోసుకుని మైరీ బయల్దేరింది. పక్కన నేను గొడుగు పట్టాను. నిప్పులకే పట్టాను, నేను మాత్రం ముద్దగా తడిసిపోయాను.

బేకరీ ఎఫీ అత్త గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి ఏడుపు లంకించుకుంది. కసాయి టోపీ తీసి వంగాడు. పోస్టాఫీసు ముందు ఎవరో బ్యాగ్‌పైపు వాద్యం ఊదడం అందుకున్నారు.

"వీళ్ళకేమైంది?" అంది మైరీ.

ఇంతలో వాళ్ళ నాన్న డూగల్ రొప్పుతూ వచ్చాడు. "అమ్మాయ్, నాకొక్క మాటైనా చెప్పాలని లేదటే?"

అప్పుడు వెలిగింది నాకు. మా లోయలో పెళ్ళికూతురు పుట్టింటి నిప్పు మోసుకుని, పెళ్ళికొడుకు పక్కన నడుస్తూ అత్తారింటికి వెళ్ళడం పాతకాలపు ఆచారం.

"పోయిన చలికాలం దాని మీద ఉపన్యాసం దంచింది నువ్వే కదా!" అని మైరీ పళ్ళు కొరికింది.

"నువ్వు విన్నావా?"

"మొదట్లో విన్నా. తర్వాత నిద్రపట్టింది."

నిప్పులు మా పొయ్యిలో పెట్టి పబ్బుకు పరుగెత్తాం. మోచేతుల దాకా మసి పూసుకుని గోడ రుద్దాం. ఎంతసేపటికీ నల్లటి గోడే. మైరీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చూడలేకపోయాను. ఆఖరికి బ్రష్షు కింద ఒక అంకె తగిలింది. తర్వాత ఇంకోటి. 1738.

ఆఫీసరు ఫొటోలు తీసుకుని, "దీన్నిక ఎవడూ ముట్టుకోడు," అన్నాడు. మైరీ మసి చేతులతోనే నన్ను వాటేసుకుంది. ఊరికి మాత్రం రాయి సంగతే పట్టలేదు. మా పెళ్ళి, గొర్రెలు ఈనే కాలానికి ముందా తర్వాతా అని వాదించుకుంటున్నారు.

సాయంత్రం మైరీ ఖాళీ బకెట్టుతో మా ఇంటికొచ్చింది.

"నా నిప్పు ఇచ్చెయ్."

"మొత్తం పట్టుకెళ్తే అల్లుడు పనికిరానివాడంటారు. నా పరువు పోతుంది."

"పోనీ." పట్టకారు తీసుకుంది గానీ వంగలేదు. "నిజం చెప్పు. రోజూ పబ్బుకొచ్చేది రాయి కోసమేనా? నీకసలు బీరే పడదు."

"పబ్బు కూలుస్తారని తెలిసింది మొన్ననే. నేనొస్తున్నది మూడేళ్ళుగా. నువ్వంటే ఇష్టం, మైరీ. చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

తను వంగి, సగం నిప్పులు బకెట్టులోకి తీసింది. మిగతా సగం మీద కొత్త పీట్ గడ్డలు పేర్చింది.

"ఇది ఆరనిచ్చావో, చంపేస్తా."

"నిప్పు కాపాడడం నాకు రాదే!"

"నేర్పిస్తాలే. ఇక ఇక్కడే ఉంటాగా," అంది, ముఖం తిప్పేసుకుని.

ఎవరో తలుపు బాదారు. డూగల్ గొంతు. "అమ్మాయ్, ఒప్పుకున్నావా లేదా? ఎఫీ అప్పుడే కేకు ఓవెన్‌లో పెట్టేసింది!"