సుకుమారి ఆఖరి పేపరు

ఆత్మకూరు చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమనగానే లిదియమ్మ గారు లేచారు. "మా పాప సుకుమారి ఈసారన్నా పరీక్ష పాస్ కావాల. అందరూ ప్రార్థించండి."

నేను ఊరికి కొత్తగా వచ్చిన లెక్కల మాస్టర్ని. భార్య పోయాక బడి, అద్దె గది తప్ప నాకు వేరే లోకం లేదు. పరోపకారం పొంగుకొచ్చి, ఆరాధన అయ్యాక సుకుమారి ముందు నిలబడ్డాను.

"డిగ్రీ మ్యాథ్స్ అయితే నేను ట్యూషన్ చెప్తానండీ. ఫీజేం వద్దు."

ఎగాదిగా చూసింది. "చాలా సంతోషం సార్. నేను యాక్చువరీని. పన్నెండేండ్లుగా బీమా కంపెనీకి మనుషులు ఎంతకాలం బతుకుతారో లెక్క గడతా ఉండా. అది కూడా మీరే నేర్పిస్తారా?"

భూమి చీలితే దూరిపోదామనిపించింది. "మరి పరీక్షేందండీ?"

"జీవిత బీమా వదిలి పంటల బీమాకి మారాలని. దానికి వేరే స్పెషలిస్ట్ పేపర్లు రాయాల. ఆఖరిది తప్పినాను. చావుల లెక్కలతో విసుగొచ్చింది సార్. వానల లెక్క చేసుకుందామని."

ఆ మాట దగ్గరే నేను పడిపోయాను.

ట్యూషన్ తిరగబడింది. చదివింది ఎవరికన్నా చెప్తేగానీ ఆమెకి బుర్రకెక్కదు. రోజూ సాయంత్రం వాళ్ల వరండాలో, ఉదయగిరి మెట్టలో వాన తప్పితే కంది రైతుకి ఎంతివ్వాలో ఆమె చెప్పేది. నేను తలాడించేవాణ్ణి. సగం అర్థమయ్యేది కాదు. వాన పడి కరెంటు పోతే ఇద్దరం ఊరకే కూర్చునేవాళ్లం. తర్వాత గదికొచ్చి తాళం తీయాలంటే చెయ్యాడేది కాదు.

పాసయితే హైదరాబాదులో పెద్ద పోస్టు. అది తెలిశాక, చర్చి అంతా ఆమె కోసం ప్రార్థిస్తుంటే నేను కళ్లు మూసుకుని నోరు మెదపకుండా ఉండేవాణ్ణి.

రిజల్టు వచ్చింది. పాస్. లిదియమ్మ గారు నా చేతిలో మైసూర్‌పాకు పెట్టి వంటింట్లోకి పోయారు. నేను దాన్ని నోట్లో పెట్టుకోకుండా పట్టుకునే కూర్చున్నాను.

"ఏంది సార్, సంతోషంగా లేదా?" అంది సుకుమారి.

"లేదు. మీరు పాస్ కాకూడదనుకున్నాను. మీరు పోతే నేను మళ్లీ ఒక్కణ్ణే."

ఆమె వాకిట్లో కోళ్ల వైపు తిరిగింది.

"ఇప్పుడు చేసే పని మాదిరే ఆ హైదరాబాదు పని కూడా ఇంట్లో కూర్చోని చెయ్యొచ్చు సార్. అమ్మతో సహా అందరూ పొమ్మనేవాళ్లే. ఉండమని ఒక్కరన్నా అడుగుతారేమోనని చూస్తా ఉండా."

"ఉండండి," అన్నాను.

లోపల్నించి లిదియమ్మ గారు కేకేశారు. "సార్ అన్నం తింటాడంటనా పాపా?"

"తింటాడుమా," అంది సుకుమారి, కళ్లు తుడుచుకుంటూ. "ఈ పొద్దే కాదు. రోజూ తింటాడు."